ఇత్తడి చెయ్యి

అది విరిగినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎండిన కందికట్టె విరిగినంత చప్పుడు కూడా లేదు. నా కుడిచేతిలో ముల్లు బిగించే గ్రామఫోను తలకాయ మిగిలింది. దాన్ని మోసే చెయ్యి సగానికి విరిగి, తక్కిన ముక్క మిషన్ మీదే ఉండిపోయింది. పాట ప్లేటు మాత్రం ఏమీ జరగనట్టు తిరుగుతూనే ఉంది.

పెళ్ళయి పులివెందులకు కాపురానికి వచ్చి అప్పటికి ఏడు నెలలు. కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం నడుస్తున్న రోజులు. మా ఆయన అనంతపురంలో టీచరు ట్రైనింగులో ఉండి సెలవులకు మాత్రమే వచ్చేవాడు. ఇంట్లో మామ, అత్త, నేను. పొద్దున వచ్చి దీపాలు పెట్టే వేళకు వెళ్ళిపోయే పనిమనిషి ఒక ముసలామె.

ఆ గ్రామఫోను మా మామ తండ్రి కాలం నాటిది. మద్రాసులో ఎవరో దొర సీమకు వెళ్ళిపోతూ సామానంతా అమ్ముకుంటే కొన్నాడట. ఉమ్మెత్తపువ్వులాంటి పెద్ద గొట్టం, టేకు పెట్టె. దాన్ని మామ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఏ ఊరికి వెళ్ళి వచ్చినా ఆయన ముందు స్నానం చేసేవాడు, ఒక ప్లేటు వినేవాడు, ఆ తర్వాతే కంచం ముందు కూర్చునేవాడు. నేను ఆ ఇంటికి రాకముందు, అయిదేళ్ళ కిందట, పదేళ్ళుగా నమ్మకంగా పనిచేసిన జీతగాణ్ని ఆ మిషన్ ముట్టుకున్నాడని పెళ్ళాం పిల్లలతో సహా ఊరు దాటించాడని ముసలామె నాకు మొదటి వారంలోనే చెప్పింది.

అది సోమవారం. మామ భూమి దావా వాయిదాకని కడపకు వెళ్ళాడు, శుక్రవారం సాయంత్రం వస్తానన్నాడు. అత్త చేలో కూలివాళ్ళ దగ్గరుంది. ఒక్క ప్లేటు విందామని కీ తిప్పాను. పాట అయిపోయింది. ముల్లు చివరి గీతలో గరగరమంటూ తిరుగుతుంటే వాకిట్లో ఎవరో వచ్చిన అలికిడయింది. కంగారుగా తలకాయ పట్టుకుని పైకి లాగాను. అంతే.

వచ్చింది ముసలామె. చీపురు పట్టుకుని గడపలోనే ఆగిపోయింది.

"ఏంది తల్లీ అది?"

నేను చేతిలోది చూపించాను. ఆమె మోకాళ్ళు పట్టుకుని కింద కూర్చుంది.

"నా మీదికే వచ్చాది. ఈడ చిమ్మేది, తుడిచేది నేనే గదా. కోడల్ని అంటాడా, నన్నంటాడు. ముసల్దాన్ని, నేనింక యాడికి పోవల్ల?"

అప్పటిదాకా నాకు నా భయమే. ఆ మాటతో ఇంకో భయం తోడయింది. చాకు మొనతో రెండు స్క్రూలు విప్పి, మిషన్ మీద మిగిలిన ముక్కను కూడా తీశాను. ఆ ముక్కకూ, అది కూర్చునే దిమ్మెకూ మధ్య నుంచి సన్నటి రేకు ఒకటి రాలింది. అదేమిటో తెలియకపోయినా దాన్నీ వదలకుండా గుడ్డలో కట్టాను. మిషన్ మీద ఎప్పటిలాగే ముసుగు కప్పాను.

మా అన్న జమ్మలమడుగు బడిలో అయివారు. అక్కడ క్రైస్తవ మిషనరీల ఆసుపత్రి కూడా ఉంది. సాయంత్రం అత్త చేనినుంచి రాగానే పన్ను నొప్పి అని దవడ పట్టుకున్నాను. అత్త నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"పన్నేనా?"

"పన్నే అత్తా. పొద్దున్నుంచి ఒకటే సలుపు."

"సరే, ఆసుపత్రిలో చూపించుకోని రా. ముసలామెను తోడు పిల్చుకోని పో. బేస్తవారం పొద్దు గూకేలోగా ఇంట్లో ఉండల్ల. మీ మామ సంగతి తెల్సు గదా."

మంగళవారం ముసలామెతో జమ్మలమడుగులో బస్సు దిగేసరికి మధ్యాహ్నమయింది. అన్నకు జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు గానీ నాకంటే ఎక్కువ భయపడ్డాడు. వెంటనే అంగళ్ళ వీధిలో గడియారాలు బాగుచేసే సాయిబు దగ్గరికి తీసుకుపోయాడు. గ్రామఫోన్లు కూడా ఆయనే చూసేవాడు.

సాయిబు రెండు ముక్కల్నీ చేతిలో ఎగరేసి బరువు చూశాడు. విరిగినచోట చిన్న ఆకురాయితో గీకాడు. లోపల బూడిదరంగు, పొడిపొడిగా రాలింది.

"ఇది యాడిదమ్మా?"

"మా మిషన్‌దే."

"మీ మిషన్ మీద ఉండిందేమో. దాని పుట్టు చెయ్యి మాత్రం కాదు."

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా అడిగాడు. "గొట్టాన్ని పట్టుకోని ఎనకపక్క ఒక దిమ్మె ఉంటాది గదా, అది ఏం రంగు?"

"పైన తెల్లగా, పూత పోయిన చోట పసుపుపచ్చగా ఉంటుంది."

"ఇత్తడి. దానిమీద నికెలు పూత. ఇదేమో పోత లోహం. ఏండ్లు గడిచే కొద్దీ దానంతటదే లోపల పగుల్తాది. నువ్వు ముట్టుకోకపోయినా ఇయ్యాలో రేపో ఇరిగేదే. ఇంకోటి చెప్పు. మీ మామ ముల్లు మార్చేటప్పుడు ఈ మెడను ఎనక్కి మడుస్తాడా?"

నేను కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాను. లేదు. ఆయన మొత్తం చెయ్యి పైకెత్తి, తల పక్కకు వంచి, కిందనుంచి చూస్తూ ముల్లు బిగించేవాడు. ఆ పని చేసిన ప్రతిసారీ నడుము పట్టుకుని మూలిగేవాడు.

"అదీ సంగతి. పువ్వు గొట్టం, ఇత్తడి దిమ్మె ఉన్న మిషన్‌కు మెడలో కీలు ఉండల్ల. వెనక్కి మడిస్తే ముల్లు ఆకాశం చూస్తాది, కూర్చోని మార్చుకోవచ్చు. దీనికి కీలే లేదు. ఎవరో, ఎప్పుడో మార్చినారు."

"టంకం పెట్టి అతికిస్తే?" అన్నాడు అన్న.

"టంకం దీనికి అంటదు అయివారూ. వేడి తగిల్తే కరిగి నీళ్ళయితాది."

అప్పుడు సాయిబు గుడ్డలో ఉన్న రేకుముక్కను చూశాడు. వేళ్ళతో తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. సిగరెట్టు డబ్బా రేకు. రెండు కొసలూ గుండ్రంగా కత్తిరించి, అంచు సన్నగా లోపలికి మడిచి ఉంది.

"ఈ చెయ్యి దిమ్మెలో వదులైతాంటే బిగువు కోసం పెట్టినారు. ఇట్ల అంచు మడిచేది ఒక్కడే. మా ఉస్తాదు, నాకు పని నేర్పినాయన. ప్రొద్దుటూర్లో ఉండాడు. కండ్లు పోయినాయి గానీ మనిషి బాగానే ఉండాడు. ఆయన దగ్గరికి పోండి. ఆయనకు తెల్సు."

బయటికి వచ్చాక ముసలామె నా కొంగు పట్టుకుంది. "మార్చినారంటాండాడే, మనింట్లో ఎవరు మార్చింటారు తల్లీ?" ఆ ప్రశ్న నా లోపల అప్పటికే తిరుగుతోంది. మామే మార్పించి ఉంటే, నేను ఏ చెయ్యి పట్టుకుపోయినా ముట్టుకోగానే పసిగడతాడు.

బుధవారం ప్రొద్దుటూరు. ఉస్తాదు ఇల్లు మగ్గాల సందులో ఉంది. పక్క ఇళ్ళలో మగ్గాలు ఆడుతున్న చప్పుడు. ఆయన అరుగు మీద కూర్చున్నాడు, రెండు కళ్ళల్లోనూ తెల్లటి పొర. అన్న రేకుముక్క చేతిలో పెట్టగానే బొటనవేలితో దాని అంచు ఒకసారి తడిమాడు.

"పులివెందుల నుంచి వచ్చినారా?" అన్నాడు.

మేమింకా ఏ ఊరో చెప్పలేదు.

"ఈ రకం చేతికి రేకు పెట్టింది నేను ఒక్కసారే. అయిదేండ్లయింటాది, పులివెందుల నుంచి ఒకమ్మ వచ్చింది. ఒంటరిగా వచ్చింది. ఇత్తడి చెయ్యి, నడుం వంగిపోయి, మెడ కీలు నొక్కుకోని పోయింది. ఎత్తుతాంటే జారి రోట్లో పడిందంట. తిన్నగా చెయ్యను రెండు రోజులు పడ్తాదమ్మా అంటిని. మధ్యాన్నం బస్సుకు పోకపోతే నా బతుకు అయిపాయ అని ఏడ్చింది. నా దగ్గర ఉన్నదాంట్లో ఒకటి సర్ది, వదులు లేకుండా బిగించను ఈ రేకు ఇచ్చినా. పాతది ఉంచు, మళ్ళా వస్తా అనింది. రాలేదు."

"ఎట్లుండింది ఆమె?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సిందేమో.

"అప్పుడు నా కండ్లు బాగుండె. ఎడమచేతి చూపుడువేలికి కొస లేదు."

జొన్న కోతల్లో కొడవలి తగిలి వేలి కొస పోయిందని మా అత్త చెప్పేది. ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేమిద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

"ఆ ఇత్తడి చెయ్యి ఉందా?" అన్నాడు అన్న.

"తిన్నగా చేసి పెట్టినా. అయితే కండ్లు పోయినంక అన్నీ ఒకే సంచిలో పోసినారు ఇంట్లో వాళ్ళు." లోపలినుంచి గోనెసంచి తెప్పించి అరుగు మీద కుమ్మరించాడు. ఎనిమిదో తొమ్మిదో చేతులు. పోత లోహంవి బరువును బట్టి పక్కకు నెట్టేశాడు. ఇత్తడివి మూడు మిగిలాయి. మూడూ నాకు ఒక్కలాగే కనిపించాయి. మూడింటికీ మెడలో కీలుంది.

"నీ దగ్గర తలకాయ ఉంది గదమ్మా, అది ఇయ్యి. అది మాత్రం మార్చలేదు, పాతదే."

తలకాయ వెనక చిన్న రంధ్రం, దాని పక్కన ఒక గాడి. చేతి కొసన ఉండే మేకులాంటి మొటిమ ఆ గాడిలో దూరి, పావు వంతు తిరిగి ఆగాలి. మొదటి చేతికి తలకాయ ఎక్కనే లేదు. రెండోదానికి ఎక్కింది, తిరిగింది. అన్న సంతోషం పట్టలేక "ఇదే, ఇదే" అన్నాడు.

"తొందరపడొద్దు అయివారూ. సరిపోయేది వేరు, దానిదే అయ్యేది వేరు." ఉస్తాదు తలకాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. సన్నగా టిక్కుటిక్కుమంది. "ఇట్ల ఆడితే పాటలో జీర వస్తాది. విన్నోడు పట్టేస్తాడు."

మూడోదానికి తలకాయ పెట్టి తిప్పాడు. చప్పుడు లేకుండా ఆగింది. ఆడించాడు. కదల్లేదు. గాడి ఏ పక్క అరిగిందో, మొటిమ కూడా ఆ పక్కే అరిగిందని నా వేలు పట్టి చూపించాడు. తర్వాత కీలు కింద తడిమి ఒకచోట ఆపాడు. "ఈడ ఉండల్ల నా సుత్తి దెబ్బ... ఉండాది." అక్కడ ఇత్తడి గోరంత మేర చదునుగా ఉంది.

అయినా నాకు ధైర్యం పూర్తిగా రానివ్వలేదు ఆయన. "మిషన్ చూడకుండా పెద్ద కొస సంగతి నేను చెప్పలేను. దిమ్మెలో రేకు లేకుండా కూర్చోవల్ల. రేకు అక్కరపడిందంటే ఇది దానిది కాదని అర్థం." చివరికి చెయ్యి నా ఒళ్ళో పెడుతూ, "ఆయమ్మ బాగుండాదా?" అని అడిగాడు. బాగుందని చెప్పాను.

గురువారం పొద్దున అన్న మా ఇద్దర్నీ పులివెందుల బస్సు ఎక్కించాడు. ముద్దనూరులో రైలు ప్రయాణికుల కోసం బస్సు ఎప్పుడూ ఆగేది. చెయ్యి నా ఒళ్ళో, తువ్వాలలో చుట్టి ఉంది. కిటికీలోంచి చూస్తున్నాను. స్టేషను వైపునుంచి వస్తున్నవాళ్ళలో తెల్లటి తలపాగా, చంకలో కాగితాల కట్ట. మా మామ.

దావా ముందుగానే ఇంకో తేదీకి వాయిదా పడిందట. బస్సెక్కి నన్ను చూసి ఆగాడు. నేను లేచి నిలబడ్డాను.

"యాడికి పోయింటివి?"

"జమ్మలమడుగు మామా. పన్ను నొప్పి, ఆసుపత్రికి."

"పీకినారా?"

"మందు పెట్టినారు మామా."

ఆయన చూపు కిందికి దిగింది. "ఏందా మూట?"

ముసలామె నా చేతిలోంచి మూట లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. "నాదప్పా. కీళ్ళ నొప్పులకు చెట్టు ఏర్లు ఇచ్చినారు. కోడలమ్మ పాపం మోస్తాంటే..." ఆమె గొంతు ఎంత మామూలుగా ఉందంటే నేనే నమ్మేదాన్ని. మామ "ఊఁ" అని ముందు సీటులో కూర్చున్నాడు. పులివెందుల చేరేదాకా ఆయన తలపాగా వెనకభాగం చూస్తూ కూర్చున్నాను. దారిలో ప్రతి గుంతకూ మూటలో ఇత్తడి కొంచెం మోగేది. ముసలామె దాన్ని పొట్టకు అదుముకుని దగ్గేది.

ఇంట్లో అడుగు పెడుతూనే మామ "నీళ్ళు" అన్నాడు. అత్త ఆయన్ను చూసి, నన్ను చూసి, రాతిబొమ్మలా నిలబడింది. ఆయన దొడ్లోకి నడవగానే నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగింది.

"దొరికిందా?"

"ఏందత్తా?"

"చెయ్యి."

మేం లేనప్పుడు ముసుగు ఎత్తి చూసి ఉంటుంది. నేను మిషన్ ముసుగు తీశాను. అత్త వచ్చి దిమ్మె పట్టుకుంది. దొడ్లో చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. చెయ్యి పెద్ద కొసను దిమ్మెలోకి దూర్చాను. సగం దాకా వెళ్ళి పట్టేసింది. "తిప్పుతా తొయ్యి" అంది అత్త. తిప్పుతూ తోశాను. కూర్చుంది. రేకు అక్కర్లేదు. వెంట్రుక దూరే సందు కూడా లేదు.

మొదటి స్క్రూ పట్టింది. రెండోది నా వేళ్ళలోంచి జారి బల్ల కిందికి దొర్లింది. ముసలామె నేలమీద బోర్లా పడుకుని వెతుకుతోంది. దొడ్లో చెంబు చప్పుడు ఆగింది. "ఈడుండాది, ఈడుండాది" అని గుసగుసలాడుతూ ఆమె స్క్రూ అందించింది. అత్త కొస లేని వేలితో దాన్ని అదిమి పట్టుకుంటే నేను చాకుతో బిగించాను. ముసుగు కప్పి వంటింటి గుమ్మం దాకా వచ్చేలోపు మామ తల తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

ఆయన కీ తిప్పాడు. ప్లేటు పెట్టాడు. డబ్బీలోంచి కొత్త ముల్లు తీసుకుని, అలవాటు చొప్పున చెయ్యి పైకెత్తి తల పక్కకు వంచాడు. వంగినవాడు అలాగే ఆగిపోయాడు. బొటనవేలు మెడ దగ్గర కీలు మీద ఉంది. మెల్లగా నొక్కాడు. మెడ వెనక్కి మడుచుకుంది.

ఉస్తాదు చెప్పిన గుర్తులన్నీ సరిచూసుకున్నాను గానీ ఆ కీలు ఆయన చేతికి తగులుతుందన్న మాటే నాకు తోచలేదు.

మామ నిటారుగా లేచాడు. ముల్లు లేని ప్లేటు చప్పుడు లేకుండా తిరుగుతోంది.

"ఇది దీని పాత చెయ్యి," అన్నాడు. "ఎవరు తెచ్చినారు దీన్ని?"

ఆయన బొటనవేలితో కీలును ఇంకోసారి మడిచి చూశాడు.

"దీన్ని ఎత్తుకోని పోయి అమ్ముకోని, ఆ పనికిమాలిన చెయ్యి తగిలించినాడని గదా నేను వాణ్ని ఎల్లగొట్టింది? మరి ఇది యాణ్నుంచి వచ్చె?"

అప్పుడు తెలిసింది నాకు. జీతగాణ్ని పంపేసింది మిషన్ ముట్టుకున్నందుకు కాదు. ఈ చెయ్యి మారిందని మామ ఆ రోజే కనిపెట్టాడు. ఇంట్లో ఎవర్నీ ఒక్క మాట అడగకుండా, దొంగ ఎవరో తనే తేల్చుకున్నాడు.

అత్త గుమ్మం దాటి ఆయన ఎదుటికి వెళ్ళింది. "వాడు కాదు. నేను. దులుపుదామని తీస్తాంటే చెయ్యి జారింది. నువ్వు వాణ్ని కొట్టి పంపించిన పొద్దు చెప్పల్లనుకుంటి. నోరు రాలేదు. అప్పుడు రానిది ఇంక ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు దీన్ని తెప్పించింది కూడా నేనే."

"లేదు మామా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఈసారి విరగ్గొట్టింది నేను. ప్రొద్దుటూరుకు పోయి తెచ్చింది కూడా నేనే. అత్త నన్ను పంపలేదు."

ఆయన మా ఇద్దర్నీ చూశాడు. చెయ్యెత్తుతాడని అనుకున్నాను. వెనక ముసలామె ఏడుస్తోంది. మామ అలా నిలబడే ఉన్నాడు, ప్లేటు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయేదాకా. తర్వాత కుర్చీలో కూర్చుని ఒక్క మాట అడిగాడు.

"వాడిప్పుడు యాడుండాడు?"

చాపాడు దగ్గర, అతని భార్య పుట్టిన ఊళ్ళో ఉంటున్నాడని ముసలామె చెప్పింది. ఆ పూట మామ అన్నం తినలేదు. మరునాడు పొద్దున్నే ప్రయాణమయ్యాడు. "నేనూ వస్తా" అంది అత్త. ఆయన వద్దనలేదు. ఇద్దరూ మూడో రోజు సాయంత్రం తిరిగి వచ్చారు, ఇద్దరే.

ఏం జరిగిందో అత్త నాకు వారం తర్వాత, విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ చెప్పింది. అతను వాళ్ళను మంచమ్మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడట. తప్పు జరిగింది, తిరిగి రమ్మని మామ అంటే తల దించుకుని విన్నాడట. "నన్నొక మాట అడిగింటే చెప్తాంటి గదప్పా, నాకు తెల్దని. పదేండ్లు నీ కొట్టంలో పండుకున్నా. అడగలేదు," అన్నాడట. తర్వాత అతను అత్త వైపు తిరిగాడట.

"అమ్మా, నీకు తెల్సు గదా."

"అంతే అన్నాడు," అంది అత్త. "తిట్టింటే బాగుండు."

అతను తిరిగి రాలేదు. మా మామ ఆ తర్వాత మారిపోయాడని చెప్పను. కోపం కోపమే. అయితే ఇంట్లో ఏదైనా పోయినా పగిలినా "ఎవరు?" అని అరిచేవాడు, అరిచి జవాబు కోసం ఆగేవాడు. మొదట్లో ఆ ఆగడం మాకు అరుపు కంటే ఎక్కువ భయంగా ఉండేది. మెల్లమెల్లగా జవాబు చెప్పడం అలవాటయింది. ముసలామె అయితే మాకంటే ముందే అలవాటు చేసుకుంది.

రెండేళ్ళ తర్వాత ఆ జీతగాడి కూతురి పెళ్ళికి పిలుపు వచ్చింది. మా అత్తకు మాత్రమే వచ్చింది. ఒక్కతే బస్సెక్కి వెళ్ళి, రెండు రోజులుండి వచ్చింది. అక్కడ వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.